ముందు ప్లగ్గు పీకాలి

రక్తం కిందికి కదా కారాలి, ఇదేమిటి పైకి పోతోంది, అనుకుంది మొదట. పెదవి దగ్గర మొదలై, ముక్కు పక్కగా ఎక్కి, కంటి మూల కాసేపు ఆగి, కనుబొమ దాటి నుదుటి మీదుగా జుట్టులోకి దారి చేసుకుంటోంది. కాసేపటికి గాని బుర్రకెక్కలేదు. రక్తం దాని పద్ధతిలో అది సరిగ్గానే కారుతోంది, తలకిందులైంది తను. కారు కప్పు తల కింద ఉంది, సీటు నెత్తిన ఉంది, బెల్టు రెండు భుజాలనీ కోసేస్తూ తనని గబ్బిలంలా వేలాడదీసింది. అద్దాలు పోయిన కిటికీల్లోంచి చూస్తే కుడివైపు మట్టి, ఎడమవైపూ మట్టే. అంటే కారు మైదానంలో ఆగలేదు. పల్టీలు కొట్టి సున్నం గీత దగ్గర ఆగాల్సినది గీత దాటి, మైదానం చివరనున్న ఎండిపోయిన కాలవలోకి జారి, సీసా మూతిలో బిరడాలా బిగుసుకుపోయింది. షాట్‌లో అది లేదు. షాట్‌లో లేనిది ఇంకొకటి కూడా జరిగింది. పల్టీ కొట్టేటప్పుడు చేతులు రెండూ గుండెల మీద కట్టుకోవాలని ఈ పనిలోకి వచ్చిన మొదటిరోజే చెప్తారు, కొత్తగా చేరేవాళ్ళకి ఆ మాట చెప్పేది తనే. అయినా రెండో పల్టీలో ఎడమచెయ్యి ఎవరినీ అడక్కుండా గాల్లోకి లేచింది, తలుపుకీ లోపల బిగించిన ఇనప పంజరానికీ మధ్య దూరింది, ఆ తర్వాతి పల్టీలో పంజరం కమ్మీ వంగి మణికట్టు మీద తీరుబడిగా కూర్చుంది. నొప్పి తెలియడం లేదు. అదే భయంగా ఉంది. నొప్పి ఉంటే చెయ్యి ఉన్నట్టు.

బయట ఒకటే గోల. "కదలకు, కదలకు" అని ఎవడో గొంతు చించుకుంటున్నాడు, ఎటు కదులుతానని వీడి ఉద్దేశం. నీళ్ళు కొట్టండని ఒకరు, నీళ్ళొద్దు ఇసక పొయ్యండని ఒకరు. మంటలార్పే మనిషి గొంతు మాత్రం స్పష్టంగా వినబడింది. "కట్టర్ పెట్టొద్దండీ, ఒక్క నిప్పురవ్వ పడిందంటే అంతే సంగతులు. పెట్రోలు కారుతోంది." నిజమే, వాసన గొంతులో దిగుతోంది. పల్టీ కొట్టే కార్లో పెద్ద ట్యాంకు తీసేసి చిన్న డబ్బా బిగిస్తారు, షాట్‌కి సరిపడా పోస్తారు, ఆ సరిపడాలో మిగిలినదే ఇప్పుడు వెనకెక్కడో టప్పు, టప్పుమని చుక్కలు రాలుస్తోంది. క్రేన్ వస్తోందట. క్రేన్ లాగితే కారు వస్తుంది, రాకేం. వస్తూ వస్తూ పంజరం మెలిపడుతుంది, మెలిపడితే మనిషి బయటికీ చెయ్యి లోపలికీ పంచుకుపోతారు. ఆ ముక్క బయటున్నవాళ్ళలో తెలిసినవాడు ఒక్కడే. ఆయన గొంతు ఇంతవరకు వినబడలేదు.

ఆయన మామయ్య. అమ్మకి తమ్ముడు, యూనిట్ అందరికీ ఫైట్ మాస్టరు. చిన్నప్పుడు తను మెట్ల మీంచి దొర్లుకుంటూ కిందపడి, ఏడవకుండా లేచి, మళ్ళీ పైకెక్కి మళ్ళీ దొర్లితే "ఇది పిల్ల కాదక్కా, బంతి" అన్నాడు. అదే పేరైపోయింది. పువ్వు పేరనుకుని ముచ్చటపడతారు కొత్తవాళ్ళు. ఇన్నేళ్ళుగా ప్రతి షాట్‌కి ముందూ ఆయనొస్తాడు, కిటికీలోంచి నడుం దాకా దూరి, బెల్టు రెండు చేతులా పట్టి ఎద్దు పలుపు బిగించినట్టు బిగించి, "ఊపిరొదులు" అని, వదిలాక ఇంకో గుంజు గుంజి, పైకప్పు మీద అరచేత్తో చరిచి "పోవే" అంటాడు. ఆ చరుపు లేకుండా బంతి ఎప్పుడూ గేరు వెయ్యలేదు. ఇవాళ వేసింది. ఇవాళ ఆయన రాలేదు, అసిస్టెంటు వచ్చి లాగి చూసి వెళ్ళాడు. మామయ్య కెమెరా పక్కన అటు తిరిగి నిలబడ్డాడు, చొక్కా వీపు మాత్రం కనిపించింది. ఆ అసిస్టెంటు లాగాడా, లాగినట్టు నటించాడా? బెల్టు అర అంగుళం వదులుండబట్టి కదా భుజం జారింది, భుజం జారబట్టి కదా చెయ్యి లేచింది. మామయ్యకి కోపమొస్తే అన్నం మానేస్తాడు, మాట మానేస్తాడు, కోపమొచ్చి బెల్టు చూడ్డం మానేస్తాడా. మానేశాడా. చంపేస్తాడా నన్ను. ఛీ, అనుకుంది, నోట్లోకి కూడా కొంచెం రక్తం వచ్చింది, ఉమ్మితే కళ్ళలో పడింది.

పడ్డం నేర్పింది ఆయనే. ఏ వ్యాయామశాలకీ తీసుకెళ్ళలేదు, బస్టాండుకి తీసుకెళ్ళాడు. సిమెంటు బెంచీ మీద కూచోబెట్టి, "చూడు, డబ్బులు పోసినా దొరకదు ఈ స్కూలు" అన్నాడు. కదిలే బస్సులోంచి దిగేవాడు బస్సు వెళ్ళే వైపే నాలుగడుగులు ఎందుకు పరిగెడతాడు, ఎదురు దిగినవాడు ఎందుకు బోర్లా పడతాడు. తాగినవాడు పడితే ఎందుకు దెబ్బ తగలదు, పడబోతున్నానన్న సంగతి వాడికి తెలీదు కాబట్టి, ఒళ్ళు బిగపట్టడు కాబట్టి. రోడ్డు మీదికి ఉరికిన పిల్లాణ్ణి తల్లి మెడపట్టి వెనక్కి గుంజుతుందే, ఆ గుంజుడులో ఉన్న బలం ఏ పహిల్వానుకీ లేదు, ఆ చెయ్యి భుజం నుంచి రాదు, మడమ నుంచి వస్తుంది, చూశావా, మళ్ళీ చూడు. ఆ గుంజుడు తర్వాత ఏదో సినిమాలో హీరో రైలు కింద పడబోయేవాణ్ణి లాగే షాటైంది. గాలికి గొడుగు తిరగబడి ఓ పెద్దాయన దానితో పెనుగులాడుతుంటే మామయ్య లేచి నిలబడి చూశాడు, నవ్వలేదు, వెయ్యి రూపాయల నోటు దొరికినవాడిలా కళ్ళు పెద్దవి చేశాడు, మరుసటి నెలలో విలన్ మనిషొకడు గొడుగుతోనే చచ్చాడు. కొట్లాట అంటే గాల్లో ఎగరడం కాదే, అనేవాడు, కొట్లాట వంటింట్లో ఉంటుంది, మెట్ల మీద ఉంటుంది, తలుపు సందులో ఉంటుంది, చూసేవాడికి కళ్ళుండాలి.

బంతికి కళ్ళున్నాయి. మామయ్యకున్న వాటికంటే పెద్దవే ఉన్నాయి. మొట్టమొదట ఎత్తుకొచ్చింది అమ్మ గుమ్మడికాయని. సగం దిగిన కత్తి ఇరుక్కుపోతే అమ్మ దాన్ని పీకే ప్రయత్నం చెయ్యదు, కత్తితోపాటు కాయనీ ఎత్తి, నేల మీద ఒక్క దెబ్బ వేస్తుంది, కాయ రెండు చెక్కలై గోడ దాకా దొర్లుతుంది. ఆ దెబ్బ మామయ్యకి చేసి చూపిస్తే, సినిమాలో రాణి డాలులో ఇరుక్కున్న కత్తిని డాలుతోనూ మనిషితోనూ కలిపి ఎత్తి మెట్టుకేసి కొట్టింది, హాల్లో ఈలలు. అమ్మని తీసుకెళ్ళి చూపించింది. అమ్మ చీకట్లో నోరు వెళ్ళబెట్టి, "ఇదేంటే, నా గుమ్మడికాయకి ఈలేస్తున్నారు" అంది. ఇల్లొచ్చేదాకా నవ్వుతూనే ఉంది. ఆ నవ్వు చూశాక బంతికి భయం పోయింది, ఏదైనా ఎత్తుకొచ్చెయ్యొచ్చు అనిపించింది. పక్కింటాయన చచ్చిపోయిన రోజున ఆయన భార్య గోడని గుద్దుతుంటే అందరూ పట్టుకుని ఏడుస్తున్నారు, తనూ ఏడుస్తోంది, ఏడుస్తూ ఏడుస్తూ లోపలెవరో తీరిగ్గా చూస్తున్నారు, పిడికిలి అంచుతో గుద్దుతోంది, వేళ్ళ కణుపులతో కాదు, దెబ్బ దెబ్బకీ ఎత్తు తగ్గుతోంది. ఇంటికొచ్చి వాంతి చేసుకుంది. వాంతి చేసుకుని, ఆ గుద్దుడు వాడుకుంది. ఇంట్లో దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, బుర్రలో దొంగని ఎవడు పడతాడు.

టప్పు, టప్పు. మెడ తిప్పితే వెనకద్దం ఉండాల్సిన చోట ఇంత ఆకాశం కనిపిస్తోంది, ఆ ఆకాశంలోంచి కాళ్ళు వేలాడుతున్నాయి. కాలవ గట్టు మీద నిలబడ్డవాళ్ళ కాళ్ళు, మోకాళ్ళ వరకే. బూట్లు, చెప్పులు, మట్టికొట్టుకున్న పాదాలు, అన్నీ పైకి అతికించినట్టు, అన్నీ తలకిందులుగా. మనుషుల్ని కాళ్ళని బట్టి గుర్తుపట్టడం బంతికి కొత్త కాదు. కాస్ట్యూమ్స్ గదిలో గుడ్డలు కత్తిరించే పెద్ద బల్ల కింద పెరిగింది తను. బడి లేని రోజున అమ్మ చేతికో అయస్కాంతం ముక్కిచ్చి బల్ల కిందికి తోసేది, పడిపోయిన గుండుసూదులన్నీ ఏరమని. గుండుసూదులు టిక్కు టిక్కుమని వచ్చి అతుక్కునేవి. అక్కణ్ణుంచి లోకమంటే కాళ్ళే. అమ్మవి నీలం పట్టీల రబ్బరు చెప్పులు. ఆ రోజు వాటికెదురుగా నిగనిగలాడే నల్లబూట్లు వచ్చాయి. ప్రొడక్షన్ మేనేజరు బూట్లు. అంతకుముందూ వచ్చేవి, వచ్చి, కాసేపు నిలబడి, పోయేవి. ఆ రోజు పోలేదు. బూట్లు ఒకడుగు ముందుకేశాయి, చెప్పులు ఒకడుగు వెనక్కేశాయి. "వద్దండీ" అంది అమ్మ. బూట్లు ఇంకో అడుగేశాయి. అమ్మ మడమ బల్ల కాలికి తగిలి ఆగింది, ఇక వెనక్కి చోటు లేదు. "వద్దండీ, పిల్ల ఉంది." పిల్ల అంటే తనే, పిల్ల ఊపిరి బిగబట్టింది. ఒక చెప్పు ఊడింది. ఏదో పెనుగులాట, బల్ల మీంచి కత్తెర కిందపడింది, దారపు ఉండ ఒకటి విప్పుకుంటూ దొర్లింది. తర్వాత చుయ్యిమని చప్పుడు, ఇస్త్రీ పెట్టెని తడిగుడ్డ మీద పెడితే వచ్చే చప్పుడే, కాని అంతకంటే చిక్కగా, ఆగకుండా. వాసన. తర్వాత అరుపు. గదిలో అన్ని బట్టలుండి కూడా ఆ అరుపు గోడలకి కొట్టుకుని తిరిగొచ్చింది. బూట్లు గిర్రున తిరిగాయి, మోకాళ్ళొచ్చి నేలమీద పడ్డాయి, చెయ్యొచ్చి పడింది, మొహం రాబోతుంటే కళ్ళు మూసుకుంది. అమ్మ చెయ్యి బల్ల కిందికి వచ్చి రెక్క పట్టుకుని లాగింది. ఒక కాలికి చెప్పుతో అమ్మా, గుప్పెట్లో అయస్కాంతంతో తనూ, వీధిలో నడిచారు. ఇస్త్రీ పెట్టె ఇంకా అమ్మ చేతిలోనే ఉంది. దాని తీగ వెనక రోడ్డు మీద ఈడ్చుకుంటూ, ప్లగ్గు రాళ్ళమీద ఎగిరెగిరి పడుతూ, కుక్కపిల్లలా ఇంటిదాకా వచ్చింది.

ఆ రోజు గురించి ఇంట్లో ఎప్పుడూ ఎవరూ మాట్లాడలేదు. అమ్మకి చాలాకాలం ఏ స్టూడియోలోనూ పని లేదు, ఇంట్లోనే లంగాలకి అంచులు కుట్టింది. అప్పటికింకా గుంపులో దెబ్బలు తినే ఫైటరుగా ఉన్న మామయ్య తిన్న ప్రతి దెబ్బా ఇంటికి బియ్యమై వచ్చింది. ఆయన మాస్టరయ్యాకే అమ్మ మళ్ళీ కాస్ట్యూమ్స్ గదిలో అడుగుపెట్టింది. ఇస్త్రీ మాత్రం వేరే మనిషి చేత చేయించేది.

మరి ఎందుకు ఎత్తుకొచ్చింది దాన్ని? ఈ సినిమాకి డైరెక్టరు ఒక గదిలో కొట్లాట కావాలన్నాడు, హీరోయినూ ఒక దుర్మార్గుడూ, సంగీతం వద్దు, ఎగరడాలు వద్దు, నిజంగా ఉండాలి, చూసినవాడికి రాత్రి నిద్ర పట్టకూడదు, అన్నాడు. ఎవరిని చూసి చెప్పాడో తెలీదు గాని, బంతి లోపల దొంగ చెయ్యెత్తింది. నేను కంపోజ్ చేస్తా మామయ్యా, ఇదొక్కటి నాకొదిలెయ్, అంది. ఆయన వేరే షెడ్యూల్లో ఉండి, సరే కానివ్వన్నాడు. బల్ల, చెప్పులు, మడమ, చుయ్యిమనే చప్పుడు, అరుపు, అన్నీ పేర్చింది. తను చూసింది కాళ్ళనే కాబట్టి పైన జరిగింది ఊహించి కట్టింది, హీరోయిన్ ఇస్త్రీ పెట్టె అందుకుని ఒక్క ఊపున వాడి మొహాన పెడుతుంది, వాడు అరుస్తాడు. నిన్న రిహార్సల్లో చేసి చూపిస్తుంటే డైరెక్టరు ఒంటిమీద రోమాలు చూపించుకున్నాడు, అదిరిందమ్మా, ఎక్కడ పట్టావిది, అన్నాడు. బంతి మురిసింది. అదీ సిగ్గుచేటు, మురిసింది. అప్పుడే అమ్మ రక్తం మరకలు వేసిన రెండో చీర మడత మోచేతి మీద వేసుకుని సెట్‌లోకి వచ్చింది, మామయ్య ఆమె వెనకే. హీరోయిన్ ఇస్త్రీ పెట్టె ఎత్తింది. తీగ బిగుసుకుంది, చెయ్యి సగంలో ఆగిపోయింది. మళ్ళీ ఎత్తింది, మళ్ళీ ఆగింది. బల్ల జరపండి, తీగ పొడుగు చెయ్యండి, అని తలా ఒకటి అంటున్నారు. అమ్మ చీర కిందపెట్టలేదు. గొంతు పెంచలేదు.

"ముందు ప్లగ్గు పీకాలి," అంది. "లేకపోతే చెయ్యి అందదు."

అమ్మ చీర తెచ్చి హీరోయిన్ చేతిలో పెట్టి, వచ్చినంత నెమ్మదిగా వెళ్ళిపోయింది. మామయ్య దగ్గరికొచ్చాడు. "అక్కని అడిగావా?" అన్నాడు. బంతి జవాబు చెప్పేలోగా కొట్టాడు. జీవితమంతా చెంపకి అంగుళం దూరంలో చెయ్యి ఆపడం నేర్పినవాడు, ఆపలేదు. రిహార్సల్ అనుకుని ఎవడో చప్పట్లు కొట్టాడు. చెవిలో గుయ్యిమంటుంటే బంతి లోపల ఆ దొంగ అప్పుడు కూడా తీరిగ్గా చూసింది, నిజం చెంపదెబ్బకి తల పక్కకి తిరగదు, మెడ లోపలికి కుంగుతుంది, చప్పుడు బయటివాళ్ళకి వినబడదు, కొట్టినవాడే ముందు కళ్ళు మూసుకుంటాడు. దాన్ని, ఆ దొంగని, చేతికి దొరికితే గొంతు పిసికి చంపేసేది.

ఇప్పుడు రాత్రంతా నమలగా నమలగా మిగిలింది ఆ ఒక్క ముక్క. ప్లగ్గు. తీగ రోడ్డు మీద ఈడ్చుకుంటూ వస్తే, ప్లగ్గు రాళ్ళమీద ఎగురుతుంటే ఇంటిదాకా విన్నది తను, ఒక్కనాడూ తట్టలేదే. ప్లగ్గు గోడకి అమ్మ వీపు వెనకెక్కడో ఉంది. దాన్ని పీకిందంటే, చేత్తో తడిమి వెతికింది. వెతికిందంటే ఆలోచించింది. కోపంలో కళ్ళు మూసుకుపోయి చేతికందింది విసరలేదు అమ్మ. వాడు మీద పడుతుంటే, పిల్ల బల్ల కింద ఉంటే, తీగ చాలదని లెక్క చూసుకుని, ముందు ఇది, తర్వాత అది, అని వరసగా చేసింది. ఇన్నేళ్ళూ అమ్మ ఇస్త్రీ పెట్టె ముట్టకపోవడానికి కారణం వాడు కాదేమో. ఆ వరసేమో. అది తెలియకుండానే తను దాన్ని దీపాలు పెట్టి పదిమందికి చూపించింది. తప్పుగా చూపిస్తే అమ్మ ఓర్చుకోలేక దిద్దింది. భుజాలు తెగిపోతున్నాయి. తలలో రక్తం దరువేస్తోంది. టప్పు, టప్పు. మంట అంటుకుంటే ఎలా ఉంటుందో తెలుసు, నాలుగు సినిమాల్లో ఒంటికి కాలనివ్వని జిగురు పూసుకుని అంటించుకుంది, మంటకంటే ముందు శబ్దం వస్తుంది, దుప్పటి దులిపినట్టు. ఇప్పుడొస్తే జిగురు లేదు. దుప్పటి కప్పి ఆర్పే మనిషీ లేడు.

వెనక గాజుపెంకులు కరకరలాడాయి. ఆకాశంలోని కాళ్ళలోంచి రెండు విడివడి, మోకాళ్ళై, పొట్టై, ఒక మనిషి వెనకద్దం సందులోంచి పాముకుంటూ లోపలికొచ్చాడు. నెరిసిన తల ముందు సీట్ల మధ్యకి వచ్చి ఆగింది. మామయ్య మొహం తలకిందులుగా, గడ్డం పైన, కళ్ళు కింద.

"బతికున్నావా?"

"వాసన చూస్తే తెలీట్లా?"

"నోరు పనిచేస్తోంది, చాలు." చెయ్యి చాపి మెడ తడిమాడు, పక్కటెముకలు తడిమాడు, ఎడమచెయ్యి దగ్గరికొచ్చి ఆగిపోయాడు.

"బెల్టు చూడలేదు నువ్వు," అంది బంతి. అనకూడదనుకుంటూనే అంది.

"పొద్దున నువ్వు రాకముందే ఇందులో కూచుని చూశానే పిచ్చిమొహమా. నాలుగు పట్టీలూ నేనే బిగించా. కోపం నీ మీద, కారు మీద కాదు." కమ్మీ కింద వేళ్ళు పెట్టి నెట్టి చూశాడు, కదల్లేదు. "దుమ్ము లేవకూడదని ఎవడో గీత దగ్గర నీళ్ళు కొట్టి చచ్చాడు. నాకు చెప్పలేదు. దాని మీద జారింది. నేనెళ్ళి చూసుండాల్సింది, అటు తిరిగి నిలబడ్డాను." గొంతు అక్కడ కొంచెం జారింది. వెంటనే గట్టిపడింది. "విను. క్రేన్ వచ్చేసింది. వాళ్ళని ఆపి వచ్చాను, ఎంతోసేపు ఆగరు, ఆ పెట్రోలూ ఆగదు. చెయ్యి ఉన్నదున్నట్టు రాదు. బొటనవేలి మొదట్లో ఎముక అడ్డం. అది విరిగితే వస్తుంది."

"విరిగితే అంటే?"

"విరిచితే."

జీవితమంతా ఎముకలు విరిగినట్టు చూపించడమే ఆ మనిషి పని. తెరమీద ఆయన విరగ్గొట్టిన చేతులన్నీ సాయంకాలానికి టీ గ్లాసులు పట్టుకునేవి. బంతి ఆయన చేతులకేసి చూసింది.

గాజు మళ్ళీ కరకరలాడింది. "ఒరేయ్, కాస్త జరుగు." అమ్మ. పొడుగు కత్తెర ముందు తోసుకుంటూ, పెట్రోలులో తడిసిన మోచేతుల మీద పాకుతూ.

"అక్కా, నువ్వెందుకొచ్చావ్, బయటికి పో! ఏ క్షణాన్న అంటుకుంటుందో తెలీదు!"

"బెల్టు నీ పళ్ళతో కొరుకుతావా?" అంది అమ్మ. మామయ్య పక్కకి జరిగాడు. అమ్మ కప్పు మీద వెల్లకిలా పడుకుని, జరిగి జరిగి, మొహం సరిగ్గా కూతురి మొహం కిందికి వచ్చేలా చేరింది. అమ్మ మొహం ఒక్కటే ఆ కార్లో తిన్నగా కనిపించింది. బంతి ముక్కు మీంచి రక్తపు చుక్కొకటి అమ్మ బుగ్గ మీద పడింది, అమ్మ తుడుచుకోలేదు.

"అమ్మా, నిన్న..."

"నిన్నటి సంగతి తర్వాత. నన్ను చూడు. అరుపొస్తే ఆపుకోకు."

"ఫైటర్లు అరవరు." మామయ్య నేర్పిందే, నిజంగా దెబ్బ తగిలినా షాట్ పాడుచెయ్యకూడదు.

"వాడి మొహం, వాడేం నేర్పుతాడు." అమ్మ రెండు చేతులతో కూతురి తల పట్టుకుంది. "ఆ రోజు అరిచింది ఆ మేనేజరుగాడనుకున్నావు కదూ? అందుకే సినిమాలో వాడిచేత అరిపించావు. వాడు కిక్కురుమన్లేదే. గొంతు పూడుకుపోయింది. అరిచింది నేను. చేతిలో ఉన్నది వాడి మొహం మీంచి తియ్యడం రాక, ఎలా తియ్యాలో తెలీక, నేను..."

మామయ్య లాగాడు.

ఎండుకొమ్మ విరిచినట్టు వస్తుందని సౌండ్ వాళ్ళు ఆకుకూర కాడలు విరిచి రికార్డు చేస్తారు. కాదు. బురదలోంచి కాలు పీకినట్టు వచ్చింది, లోపల్నుంచి, పంటి దాకా. తెల్లటి వెలుతురొకటి కళ్ళ వెనక పేలింది, పోయిందనుకున్న చెయ్యి ఉందని ఒక్కసారిగా తెలిసింది, ఉంది, మొత్తం ఉంది, ప్రతి వేలూ ఉంది, అన్నీ ఒకేసారి కాలుతున్నాయి. కడుపులోంచి ఏదో లేచి నోరు చీల్చుకుని బయటికి పోయింది. గట్టు మీద కాళ్ళన్నీ వెనక్కి తగ్గాయి. బల్ల కింద విన్నది ఇదే, అనుకుంది ఆ అరుపు మధ్యలోనే, ఈ గొంతే, మా ఇంటి గొంతే, ఇంతకాలం ఎలా పోల్చుకోలేకపోయాను. అమ్మ కత్తెర బెల్టుకి అడ్డం పడింది, కరకరమని ఒక పట్టీ, ఇంకో పట్టీ. బంతి వెళ్ళి మామయ్య వీపు మీద పడింది, ఆయన మూలిగాడు. పక్కకి దొర్లి వెనకద్దం సందు దాకా పాకి, ఇద్దరినీ ఒకే గుంజుతో, మడమ నుంచి వచ్చే బలంతో, అమ్మ వెనక్కి ఈడ్చింది. గాజుపెంకుల మీదుగా, పెట్రోలు మీదుగా, మట్టి మీదుగా ఈడుస్తూనే ఉంది, చాలు చాలమ్మా అని నలుగురూ పట్టుకున్నా వదల్లేదు. మైదానం సగం దాటాక వెనక దుప్పటి దులిపిన చప్పుడైంది. క్రేన్ గొలుసు ఎక్కడో రాసుకుందో ఏమో. ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు. డైరెక్టరొక్కడు చూశాడు, కెమెరా నడుస్తోందా అని అడిగి, అడిగినందుకు మంటలార్పే మనిషి చేత బూతులు తిన్నాడు.

అంబులెన్సులో అమ్మ పక్కన కూచుంది, మామయ్య ముందు డ్రైవరు పక్కన. చెయ్యి అట్టముక్కకి కట్టి గుండెల మీద పెట్టారు, ఎవరిదో వస్తువులా ఉంది. సూది మందు ఇంకా ఎక్కలేదు. వేళ్ళు వంగుతాయో లేదో, మళ్ళీ స్టీరింగు పట్టుకుంటుందో లేదో, ఆస్పత్రిలో చెప్తారు. ఆ ఆలోచన దగ్గరికి పోకుండా బంతి కప్పుకేసి చూసింది.

"ఆ సీను తీయించేస్తానమ్మా. డైరెక్టరుతో నేను మాట్లాడతా."

"ఎందుకూ?"

"నిన్ను అడగలేదుగా."

"అడిగుంటే చెప్పు తీసుకుని కొట్టేదాన్ని." అమ్మ చీరకొంగుతో కూతురి నుదుటి మీద ఎండిన రక్తం గీకుతోంది, గట్టిగానే. "నిన్న బయటికెళ్ళి మెట్ల మీద కూచున్నా. ఆ హీరోయిన్ పిల్ల వెతుక్కుంటూ వచ్చింది. ప్లగ్గు పీకాక పెట్టె ఏ చేత్తో పట్టుకోవాలమ్మా, అనడిగింది. దానికేం తెలీదు, పనికోసం అడిగింది. ఇన్నేళ్ళలో ఆ రోజు ఏం జరిగిందని నన్ను అడిగిన మనిషి అదొక్కతే."

ముందు సీట్లో మామయ్య తల వంచుకున్నాడు. బంతీ అడగలేదు. చూశాననుకుంది, అందుకని అడగలేదు.

"ఏ చేత్తోనమ్మా?"

"ఎడమ. కుడిచెయ్యి వాడు పట్టుకున్నాడు." అంబులెన్సు గుంతలో పడి లేచింది, అమ్మ అరచెయ్యి అట్టముక్క కిందికి పోయి కుదుపు తను తీసుకుంది. "ఉండనీ ఆ సీను. చూడనీ అందరూ. అరుపు మాత్రం మార్చమను. ఇంకోటి, టైటిల్స్‌లో నా పేరు వెయ్యమను."

"ఎక్కడ, కాస్ట్యూమ్స్ కిందా?"

"అది ఎలాగూ వెయ్యాలి, ఎగ్గొడుతున్నారు గాని. నేననేది ఫైట్స్ కింద."

మామయ్య వెనక్కి తిరగకుండానే అన్నాడు, "నా పేరు కిందేనా అక్కా?"

"పైన," అంది అమ్మ. "నీకంటే ముందు పుట్టాను, నీకంటే ముందు కొట్టాను."

బంతికి నవ్వొచ్చింది. నవ్వితే చెయ్యి కదిలింది, చెయ్యి కదిలితే ప్రాణం పోయి వచ్చింది, అయినా ఆగలేదు.